పుట్టినరోజుకు విదేశంలో ర్యాఫ్టింగ్: త్రిశూలి, బాలి, న్యూజిలాండ్, జాంబెజీల్లో ఎవరికి ఏది?

మా అక్కకు 50 ఏళ్లు నిండుతున్నాయని ఇంట్లో అందరం కలిసి ఒక హాలు మాట్లాడదామనుకున్నాం. అక్క ఒప్పుకోలేదు. "పుట్టింది, పెరిగింది గోదావరి ఒడ్డున. ఇన్నేళ్లలో మోకాలి లోతు దాటి దిగింది లేదు. ఈ పుట్టినరోజుకు నన్ను ఏదైనా మంచి వడి ఉన్న నదిలో పడవ ఎక్కించండి" అంది. పాస్‌పోర్ట్ కొత్తగా చేతికొచ్చింది, దేశం దాటి వెళ్లాలని కూడా ఉంది. ఈత రాదు. బీపీ ఉంది, మాత్రతో అదుపులో ఉంది. ఆమె కోసం దాదాపు రెండు నెలలు నదుల గురించి చదివాను, వెళ్లొచ్చిన వాళ్లను అడిగాను. చివరికి నేపాల్‌లోని త్రిశూలికి వెళ్లాం. అప్పటి నుంచి చుట్టాల్లో, ఆఫీసులో ఎవరికి పుట్టినరోజు ట్రిప్ ఆలోచన వచ్చినా నాకు ఫోన్ వస్తుంది. వాళ్లకు చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అందరికీ ముందుగా చెప్పేది ఒకటే. మీ గుంపులో ఈత రానివాళ్లు, భయపడేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎవరున్నారో చూసి, వాళ్లకు సరిపోయే నదిని ఎంచుకోండి. ఫోన్లో వీడియో చూసి నచ్చిన నదిని ఖాయం చేసుకుని, తర్వాత అందరినీ అందులోకి లాగకండి. ర్యాఫ్ట్ అంటే గాలి నింపిన రబ్బరు పడవ, అందులో ఆరేడుగురు ఒకేసారి తెడ్డు వేస్తేనే అది నడుస్తుంది. ఒక్కరు భయంతో బిగుసుకుపోయినా మిగతావాళ్ల మీద భారం పడుతుంది.

నదుల కష్టాన్ని గ్రేడ్ 1 నుంచి 6 వరకు లెక్కిస్తారు. 1 అంటే నిలకడగా పారే నీళ్లు. 2లో చిన్న చిన్న అలలు. 3కి వస్తే అలలు ముఖం మీదికి కొడతాయి, ర్యాఫ్ట్ ఊగుతుంది, కానీ మంచి గైడ్ ఉంటే మొదటిసారి వచ్చినవాళ్లు కూడా ఆనందంగా వెళ్లొచ్చు. 4లో నీటి బలం, రాళ్ల మధ్య మలుపులు ఎక్కువ, గైడ్ చెప్పింది చెప్పినట్టు వెంటనే చేయాలి. 5లో ర్యాఫ్ట్ తిరగబడే అవకాశం నిజంగానే ఉంటుంది. 6 మామూలు టూరిస్టులకు కానే కాదు. ఇంకో సంగతి, ఒకే నది వేసవిలో 3గా ఉండి వర్షాకాలంలో 4 దాటిపోవచ్చు. కాబట్టి నది పేరుతో పాటు నెల కూడా చెప్పి గ్రేడ్ అడగండి.

ఇంట్లో పెద్దవాళ్లు నది అనగానే వద్దంటారు, వాళ్ల భయానికి కారణం ఉంది. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో, పైనున్న లార్జి డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీళ్లు వదలడంతో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు ర్యాఫ్టింగ్‌కు వెళ్లినవాళ్లు కాదు, ఫొటోల కోసం రాళ్ల మీద నిలబడ్డారు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు వెళ్తున్న బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. ఈ రెండూ మన ఇళ్లలో ఎవరూ మర్చిపోలేదు. అందుకే ఏ దేశంలోనైనా సరే పైన డ్యామ్ ఉందా, నీళ్లు ఎప్పుడు వదులుతారు, నది ఎంత ఎత్తుకు వస్తే ట్రిప్ ఆపేస్తారు అని ముందే అడగడం మన హక్కు. ఈ ప్రశ్నలకు విసుక్కునే సంస్థతో వెళ్లకండి.

త్రిశూలి: మొదటిసారి వెళ్లేవాళ్లకు, పెద్దవాళ్లున్న కుటుంబాలకు

నా ఓటు దీనికే. ఖర్చు తక్కువ కావడం ఒక కారణం, అదొక్కటే కాదు. మనకు నేపాల్ వీసా అవసరం లేదు. విమానంలో వెళ్లే వయోజనులకు పాస్‌పోర్ట్ గానీ, ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ చూపిస్తే సరిపోతుందనుకుని ఎయిర్‌పోర్ట్ నుంచి వెనక్కి వచ్చినవాళ్లు నాకు తెలుసు. మన 100 రూపాయలకు అక్కడివి 160, ఈ రేటు మారదు కాబట్టి లెక్క సులువు.

కాఠ్మాండూ నుంచి పోఖరా వెళ్లే పృథ్వీ హైవే చాలా దూరం త్రిశూలి ఒడ్డునే సాగుతుంది. చాలా ట్రిప్పులు చరౌడి దగ్గర మొదలై కురింతార్ వైపు దిగుతాయి. సీజన్‌లో గ్రేడ్ 3 ఉంటుంది. ర్యాపిడ్ (నీళ్లు రాళ్ల మధ్య వడిగా దూకే చోటు) దాటాక నది నెమ్మదిగా సాగే చోట్లు ఉంటాయి. ఊపిరి తీసుకోవడానికి, పక్కవాళ్ల ముఖం చూసి నవ్వడానికి టైమ్ దొరుకుతుంది. అక్క లాంటి వాళ్లకు ఆ విరామాలే ధైర్యం ఇస్తాయి. రోడ్డు పక్కనే ఉండటం కూడా మేలే, ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే మధ్యలోనే ఒడ్డుకు చేర్చి వాహనం ఎక్కించవచ్చు.

పుట్టినరోజు అంటే మనకు గుడి ఉండాలి కదా. కురింతార్ నుంచే మనకామన అమ్మవారి గుడికి కేబుల్ కారు ఉంది. 1998లో మొదలైంది, త్రిశూలి మీదుగా కొండ పైకి వెళ్తుంది. మేము ముందు రోజు మధ్యాహ్నానికి కురింతార్ చేరి, పుట్టినరోజు పొద్దున్నే తలంటు పోసుకుని దర్శనం చేసుకున్నాం. ఆ గుడిలో మేకలు, కోళ్లు బలి ఇస్తారు. చూడలేనివాళ్లకు ముందే చెప్పి తీసుకెళ్లండి, మా మేనకోడలు చాలాసేపు తేరుకోలేదు.

ఈ నదికి త్రిశూలి పేరు రావడానికి ఒక కథ ఉంది. పైన గోసాయికుండ దగ్గర శివుడు త్రిశూలంతో నేలను పొడిస్తే మూడు ఊటలు పుట్టాయంటారు. కింద దేవ్‌ఘాట్ దగ్గర ఇది కాళీ గండకితో కలుస్తుంది. మన పూజగదుల్లో ఉండే సాలగ్రామాలు దొరికేది ఆ గండకిలోనే. పెద్దవాళ్లకు ఈ మాట చెబితే ట్రిప్ మీద ఇష్టం పెరుగుతుంది. ఒక్క రోజుతో సరిపెట్టుకోలేని కుర్రాళ్లు పోఖరా వైపు నుంచి కాళీ గండకిలో మూడు రోజుల ట్రిప్ చేయవచ్చు, రాత్రిళ్లు ఇసుకలో టెంట్లు వేసుకుని పడుకుంటారు. టిబెట్ సరిహద్దు వైపున్న భోటేకోశి మాత్రం చాలా ఏటవాలు నది. మొదటిసారి వెళ్లేవాళ్లు దాని జోలికి పోవద్దు.

తిండి ఇబ్బంది లేదు. పప్పు, అన్నం, కూర, ఊరగాయ ఎక్కడైనా దొరుకుతాయి.

త్రిశూలికి ఉన్న పెద్ద లోపం రోడ్డు. మలుపులు, లారీలు, మరమ్మతులు; కాఠ్మాండూ నుంచి పొద్దున బయల్దేరి ర్యాఫ్టింగ్ చేసి అదే సాయంత్రం తిరిగి వెళ్లాలనుకుంటే రోజంతా బస్సులోనే గడిచిపోతుంది. వర్షాకాలంలో అసలు వద్దు. 2024 జూలై 12న సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు ఇదే త్రిశూలిలోకి కొట్టుకుపోయాయి. సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ వరకు, మళ్లీ మార్చి నుంచి మే వరకు మంచి కాలం. డిసెంబర్, జనవరిలో నది ప్రశాంతంగానే ఉంటుంది కానీ మంచు కొండల నుంచి వచ్చే నీళ్లు, చేతులు కొంకర్లు పోతాయి.

బాలి: వేసవి సెలవుల నుంచి సెప్టెంబర్ దాకా పుట్టినవాళ్లకు

మనలో చాలామందికి స్కూల్లో వేసిన పుట్టినరోజు జూన్‌లోనో, జూలైలోనో ఉంటుంది. అసలు పుట్టినరోజు కూడా ఆ నెలల్లోనే అయితే నేపాల్ కుదరదు, బాలి సరిగ్గా కుదురుతుంది. అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొడి కాలం. నీళ్లు చల్లగా ఉన్నా వణికించవు.

బాలిలో ర్యాఫ్టింగ్‌కు ముఖ్యంగా రెండు నదులున్నాయి, ఏజెంట్లు రెండింటినీ ఒకే మాటలో 'బాలి ర్యాఫ్టింగ్' అని అమ్ముతారు. మీరు పేరు అడిగి తీరాలి. ఉబుద్ దగ్గరున్న ఆయుంగ్‌లో గ్రేడ్ 2, 3 అలలుంటాయి. రెండు పక్కలా చెట్లు, జలపాతాలు, ఒకచోట రాతి గోడ మీద చెక్కిన రామాయణ శిల్పాలు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు ఇది హాయి. అయితే నది లోయలో ఉంటుంది. దిగడానికి, మళ్లీ ఎక్కడానికి వందల మెట్లు. అమ్మానాన్నల 60వ పుట్టినరోజుకు చాలామంది ఆయుంగ్ బుక్ చేస్తారు, నది తేలికని. మోకాళ్లు నొప్పులున్నవాళ్లకు అలల కన్నా ఆ మెట్లే కష్టం. మెట్లు ఎన్ని, మధ్యలో కూర్చునే చోటుందా అని అడగకుండా డబ్బు కట్టకండి.

తూర్పున కరంగాసెం వైపున్న తెలగ వాజాలో నీటి వేగం ఎక్కువ, గ్రేడ్ 3, కొన్నిచోట్ల దానికి మించి. రాళ్ల మధ్య ర్యాఫ్ట్ బంతిలా తగిలి తిరుగుతుంది. చివర్లో దాదాపు 4 మీటర్ల ఆనకట్ట మీద నుంచి ర్యాఫ్ట్‌తో సహా కిందికి జారతారు. కుర్రాళ్ల గుంపైతే కళ్లు మూసుకుని ఇదే తీసుకోండి.

వీసా అక్కడికి వెళ్లాకైనా, ముందే ఆన్‌లైన్‌లోనైనా తీసుకోవచ్చు, 5 లక్షల ఇండోనేషియా రూపాయలు, 30 రోజులు ఉండొచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి టూరిస్టుల దగ్గర మరో లక్షా యాభై వేల ఇండోనేషియా రూపాయల రుసుము తీసుకుంటున్నారు. పాస్‌పోర్ట్‌కు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. శాకాహారులు ఒక్క జాగ్రత్త పడాలి, అక్కడి సంబల్ పచ్చడిలో సాధారణంగా రొయ్యల ముద్ద కలుపుతారు. కూరగాయల వంటకమని ఇచ్చినదాంట్లోనూ అది ఉండొచ్చు, అడగండి.

మార్చిలో పుట్టినవాళ్లకు ఒక మాట. మన ఉగాది సమయంలోనే బాలి హిందువులకు న్యేపి అనే మౌన పండుగ వస్తుంది, వాళ్లదీ శక సంవత్సరాదే. ఆ 24 గంటలు ఎయిర్‌పోర్ట్ మూసేస్తారు, టూరిస్టులు కూడా హోటల్ దాటి బయటికి రాకూడదు. టికెట్లు తీసుకునే ముందు ఆ తేదీ చూసుకోండి.

కైటూనా: డిసెంబర్, జనవరి పుట్టినరోజులకు

న్యూజిలాండ్‌లో రోటొరువా దగ్గర కైటూనా అనే చిన్న నది ఉంది. అందులో ట్యూటియా జలపాతం 7 మీటర్లు. టూరిస్టులను ర్యాఫ్ట్‌లో కిందికి దూకించే జలపాతాల్లో ప్రపంచంలోనే ఎత్తైనదిగా దీనికి పేరు. గ్రేడ్ 5 అని వినగానే భయం వేస్తుంది. కానీ నీళ్లలో ఉండేది ముప్పావుగంటే, జలపాతం కింద లోతైన మడుగు, అక్కడ గైడ్‌లు కాపలాగా ఉంటారు. ముందే బాగా సాధన చేయిస్తారు: తెడ్డు లోపలికి, శరీరం కిందికి, తాడు గట్టిగా. ఈత రానివాళ్లు కూడా వెళ్తుంటారు, నీళ్లలో మునగడం మీద భయం లేకపోతే చాలు. 13 ఏళ్లలోపు పిల్లలను ఎక్కించుకోరు. వాళ్లకు వేరే తేలికపాటి నదులున్నాయి. సరస్సు నుంచి వచ్చే నది కాబట్టి ఏడాదంతా నడుస్తుంది, మన చలికాలంలో వాళ్లకు ఎండాకాలం.

ఆక్లాండ్ నుంచి రోటొరువాకు కారులో సుమారు మూడు గంటలు. మనవాళ్లు ఆక్లాండ్‌లో చాలామంది ఉన్నారు, అన్నో చెల్లెలో అక్కడుంటే ఈ ట్రిప్‌కు అంతకన్నా మంచి కారణం లేదు. కేవలం ఈ ముప్పావుగంట కోసం హైదరాబాద్ నుంచి వెళ్లమని మాత్రం చెప్పను. టికెట్, వీసా కలిపితే పెద్ద మొత్తం. మనకు అక్కడ దిగాక వీసా ఇచ్చే పద్ధతి లేదు, చాలా ముందే అప్లై చేయాలి. రెండు వారాల ప్రయాణంలో ఇదొక రోజుగా పెట్టుకుంటే న్యాయం జరుగుతుంది. ఇంకో ముచ్చట, వాళ్ల ఎండాకాలంలో అక్కడ అర్ధరాత్రి 12 కొట్టేసరికి ఇక్కడ సాయంత్రం 4:30. మొదటి విషెస్ చెప్పడానికి అమ్మానాన్నలు నిద్ర మానుకోనక్కర్లేదు.

జాంబెజీ: అనుభవం ఉన్నవాళ్లకు మాత్రమే

విక్టోరియా జలపాతం కింద, జాంబియా జింబాబ్వేల మధ్య లోయలో పారే జాంబెజీని ర్యాఫ్టింగ్ చేసేవాళ్లు ఒక్కసారైనా చూడాలనుకుంటారు. ర్యాపిడ్లకు నంబర్లుంటాయి. గ్రేడ్ 5వి వరసగా వస్తాయి. తొమ్మిదో దాన్ని 'కమర్షియల్ సూయిసైడ్' అంటారు, అక్కడ టూరిస్టులను దింపి ఒడ్డున నడిపించి, అవతల మళ్లీ ఎక్కిస్తారు. ర్యాఫ్ట్ తిరగబడటం అక్కడ రోజూ జరిగేదే. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా నీళ్లు తక్కువగా ఉండి ర్యాపిడ్లు బాగా తేలతాయి. ఏప్రిల్, మే నెలల్లో వరద ఎక్కువైతే ట్రిప్పులు ఆపేస్తారు. ర్యాఫ్టింగ్ అయ్యాక నిటారుగా ఉన్న లోయ ఎక్కి పైకి రావాలి, ఎండలో. మలేరియా ప్రాంతం కాబట్టి వెళ్లే ముందు డాక్టర్‌తో మాట్లాడి మందులు వాడాలి. 30వ పుట్టినరోజుకు జీవితాంతం గుర్తుండే సాహసం కావాలనుకునే, రిషికేశ్‌లోనో నేపాల్‌లోనో రెండు మూడు సార్లు ర్యాఫ్టింగ్ చేసిన మిత్రబృందానికి ఇది సరిపోతుంది. కొత్త దంపతులకు, మొదటిసారి వెళ్లేవాళ్లకు వద్దు.

ఇక అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రుల పుట్టినరోజైతే, బే ఏరియా నుంచి రెండున్నర గంటల దూరంలో కొలోమా దగ్గర సౌత్ ఫోర్క్ అమెరికన్ రివర్ ఉంది. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది అక్కడే. గ్రేడ్ 3, పైనున్న డ్యామ్ నుంచి ముందే ప్రకటించిన షెడ్యూల్ ప్రకారం నీళ్లు వదులుతారు. వీసా పనులేవీ అదనంగా ఉండవు.

నది ఖాయమయ్యాక

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు అడ్వెంచర్ స్పోర్ట్స్ కవరవుతాయో లేదో చదవండి. చాలా పాలసీల్లో అవి మినహాయింపుల్లో ఉంటాయి, ఇంకొన్ని ఫలానా గ్రేడ్ దాకానే ఒప్పుకుంటాయి. గుండె జబ్బు, ఫిట్స్, ఈమధ్య జరిగిన ఆపరేషన్, భుజం జారిన చరిత్ర, గర్భం ఉంటే ర్యాఫ్టింగ్ ఆలోచన మానుకోవాలి. అక్క విషయంలో మేము డాక్టర్ని అడిగి, ఆయన సరేనన్నాకే టికెట్లు తీసుకున్నాం.

దయచేసి దీన్ని సర్‌ప్రైజ్‌గా ప్లాన్ చేయకండి. ఒడ్డున నిలబెట్టి ప్రమాదానికి ఒప్పుకుంటున్నానని కాగితం మీద సంతకం పెట్టమంటారు. పుట్టినరోజు మనిషికి ఆ క్షణంలో వద్దనాలనిపించినా, అందరూ ఇంత దూరం వచ్చారని నోరు విప్పరు.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం వద్దు. మాకు మొదట దొరికిన ఒక సంస్థ వాళ్ల జాకెట్లలో రెండింటికి బకిల్స్ విరిగిపోయి ఉన్నాయి, తాడుతో ముడివేసి కట్టారు. అడ్వాన్స్ పోయినా సరేనని వేరే వాళ్ల దగ్గరికి వెళ్లాం. ఆ గైడ్ అక్కకు జాకెట్ తొడిగి, పట్టీలన్నీ బిగించి, వెనక నిలబడి రెండు భుజాలు పట్టుకుని పైకి గట్టిగా లాగాడు. జాకెట్ చెవుల దాకా లేచింది. "దీదీ, ఇంకా బిగించాలి" అని మళ్లీ పట్టీలు లాగాడు. రెండోసారి లాగితే కదల్లేదు. ఆ పరీక్ష ప్రతి ఒక్కరికీ చేయించుకోండి. హెల్మెట్ పట్టీ కింద రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. జీన్స్ వేసుకోవద్దు, తడిస్తే బరువెక్కుతాయి. కళ్లజోడుకు తాడు కట్టాలి. ఉంగరాలు, గాజులు గదిలోనే వదిలేయాలి. తాళి తీయడానికి అక్క ఒప్పుకోలేదు, గొలుసు బిగుతైన టీషర్ట్ లోపలికి తోసి, దాని మీద జాకెట్ వేశాం.

నీళ్లలో పడితే ఏం చేయాలో ఎక్కే ముందే అందరూ నోటితో చెప్పగలగాలి. వెల్లకిలా తేలాలి, కాళ్లు ముందుకు, కాలివేళ్లు నీటి పైకి కనిపించాలి. నిలబడాలని చూడకూడదు, లోపల రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే నీటి ఒత్తిడి మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. గైడ్ తాడున్న సంచిని విసిరితే, సంచిని వదిలేసి తాడునే పట్టుకోవాలి.

ర్యాఫ్టింగ్‌ను ప్రయాణం చేసి దిగిన రోజున పెట్టకండి, తిరుగు విమానం ఉన్న రోజునా వద్దు. పుట్టినరోజు నాడే చేయాలనుకుంటే పగలు ముగించి సాయంత్రం ఖాళీగా ఉంచండి, భుజాలు పట్టేస్తాయి, ఒళ్లు విశ్రాంతి అడుగుతుంది. నదిలోకి వెళ్లే ముందు మద్యం ముట్టకూడదు, పార్టీ ఉంటే అది ఒడ్డుకు చేరాకే. కేకును ర్యాఫ్ట్‌లో పెట్టుకుని ఫొటో దిగాలని కొందరు అడుగుతారు, చేతులు రెండూ తెడ్డు మీద ఉండాల్సిన చోట ఆ ఆలోచన వదిలేయండి. ఒడ్డున క్యాంపు వాళ్లకు రెండు రోజుల ముందే చెబితే ఏర్పాటు చేస్తారు, గుడ్డు లేని కేకు కావాలంటే కాఠ్మాండూలోనే కొని పెట్టె అడుగున ఐసు పెట్టి తెచ్చుకోవాలి. మేము కేకు మానేసి క్యాంపు వంటావిడకు సేమ్యా, జీడిపప్పు ఇచ్చాం. మేము తడిబట్టలతో ఒడ్డుకు వచ్చేసరికి పాయసం వేడిగా ఉంది. అక్క హెల్మెట్ తీయకుండానే రెండు గిన్నెలు తాగి, రేపు పొద్దున మళ్లీ ఎక్కనిస్తారా అని ఆ గైడ్‌ని అడిగింది.